మర బిగించును, ముఖము నిలుపును: పాత కారునకు ఇంజెక్షన్ అమర్చుటలో ఇంధనపు అతుకుల సమస్య

అర్ధశతాబ్దికి పూర్వము నిర్మింపబడిన కారు నొకదానిని కొని, తుప్పు గీకించి, రంగు వేయించి, సీట్ల తోలు మార్పించి, కడపట దాని కార్బురేటరును తొలగించి, ఆ స్థానమున కంప్యూటరు ఏలుబడిలో నడచు ఇంధన ఇంజెక్షనును అమర్చదలచినవాడు మొదట విచారించునది ఇంజెక్షను యంత్రమును గూర్చి. పిమ్మట పంపును గూర్చి. ఆ పిమ్మట తీగలను గూర్చి. టాంకీనుండి ఇంజనువరకు పెట్రోలును మోయు గొట్టమును, ఆ గొట్టమును అచ్చటచ్చట కలుపు ఫిట్టింగులను అతడు తలచుకొనుట చిట్టచివర, చేతిలోని సొమ్ము అయిపోయి, ఓపిక సన్నగిల్లిన వేళ. కాని ఈ సంస్కరణ మంతటిలో నిప్పునకును మనుష్యునికిని నడుమ నిలుచునవి ఆ అతుకులే. వానియందు వాడుకలోనున్న జాతులను, వాని గుణదోషములను, వానిని గూర్చిన భిన్నాభిప్రాయములను ఒక్కచోట చేర్చి పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. మాట గాలిలో తేలిపోకుండుటకై 1965 నాటి ఫోర్డ్ మస్టాంగును, 289 ఘనపుటంగుళముల ఎనిమిది సిలిండర్ల ఇంజను గలదానిని, ఉదాహరణముగా కన్నులయెదుట నుంచుకొందము.

కార్బురేటరునకు కావలసినది పెట్రోలే కాని ఒత్తిడి కాదు. దానిలోని చిన్న తొట్టి నిండిన చాలును. తేలుడు బుడ్డి పైకి లేచి సూదిద్వారమును మూసివేయును. అందుచేత ఇంజను ప్రక్కన బిగించిన యాంత్రికమైన పంపు చదరపంగుళమునకు 4 మొదలు 6 పౌండ్ల ఒత్తిడిని మాత్రమే కల్పించుచు వచ్చినది. అదియును ఇంజను తిరుగుచున్నంత సేపే. నేడు పాత కార్లకై అమ్మబడు ఇంజెక్షను సామగ్రిలో, కార్బురేటరు కూర్చుండిన పీటమీదనే కూర్చుండు జాతికి చెందినవి చాలవరకు 58 పౌండ్ల, అనగా 4 బార్ల, ఒత్తిడిని కోరును. ఒత్తిడి ఇంచుమించు పదిరెట్లైనది. చీలికనుండి వెలువడు ద్రవ పరిమాణము ఒత్తిడియొక్క వర్గమూలము ననుసరించును గనుక, పూర్వపు చీలికనుండియే యిపుడు మూడు రెట్ల పెట్రోలు వెలికి వచ్చును. వచ్చుటయు బొట్లు బొట్లుగా గాక, సన్నని తుంపరగా, గాలితో కలసి మండుటకు సిద్ధమైన రూపమున వచ్చును. పైగా విద్యుత్తుతో నడచు పంపునకు ఇంజనుతో నిమిత్తము లేదు. కారు గ్రుద్దుకొని ఇంజను ఆగిపోయినను, ఆపు సాధనము లేనిచో అది తోడుచునే యుండును. తాళము త్రిప్పి ఇంజను నాపిన పిదపను గొట్టములో ఒత్తిడి చాలసేపు నిలిచియుండును. చల్లగా పడియున్నట్లు కనబడు ఆ గొట్టము నివురుగప్పిన నిప్పు.

ఇంజెక్షను ఆలోచన క్రొత్తది కాదు. 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. పెట్రోలును యాంత్రికముగా నేరుగ సిలిండరులోనికి చిమ్మెను; 1957లో షెవర్లే కార్వెట్ రాచెస్టరు వారి యాంత్రిక పద్ధతిని గ్రహించెను; 1958లో క్రైస్లరు సంస్థ బెండిక్సు వారి ఎలక్ట్రానిక్ పద్ధతిని కొలది కార్లకు అమర్చి, పిదప వానిలో పెక్కింటికి మరల కార్బురేటర్లనే బిగింపవలసి వచ్చెను; 1967లో వోక్స్‌వాగన్ 1600నందు బాష్ వారి డి-జెట్రానిక్ వెలువడిన పిదపగాని ఎలక్ట్రానిక్ ఇంజెక్షను సామాన్యుని కారునందు కాలూనలేదు. ఇంజెక్షనుతో పుట్టిన కారు ఆ ఒత్తిడికి తగిన గొట్టములతోనే పుట్టును. మన మస్టాంగు అట్లు పుట్టలేదు. దాని టాంకీనుండి ముందునకు వచ్చునది 5/16 అంగుళము వెలుపలి వ్యాసముగల ఒకే యొక ఉక్కు గొట్టము. మిగిలిన పెట్రోలును వెనుకకు కొనిపోవు గొట్టము లేదు. కొసలయందు రబ్బరు ముక్కలు, వానిపై క్లిప్పులు. ఆరు పౌండ్లకు ఆ యేర్పాటు చాలినది, ఏబదియెనిమిదింటికి చాలదు.

ఇక ఫిట్టింగుల విషయమున మొట్టమొదట మనసున నిలుపుకొనవలసిన సూత్ర మొక్కటి కలదు. ఏ అతుకును చేతబట్టినను, "ఇందులో పెట్రోలును నిలుపునది ఏ భాగము?" అని ప్రశ్నింపవలెను. కొన్నింట రెండు లోహపు ముఖములు ఒండొంటి నొరసికొని నిలుపును. కొన్నింట రబ్బరు ఉంగరము నిలుపును. కొన్నింట మెత్తని రాగి వాషరు నిలుపును. ఒక్క జాతియందు మాత్రము మరచుట్లే ఆ భారమును వహించును. ఆ యొక్క జాతిని విడిచినచో, తక్కిన మరలు గల అతుకులన్నింటను మర చేయునది బిగించుట, నిలుపునది ముఖము. ఈ భేద మెరుగకపోవుటచేతనే కారు క్రింద పెట్రోలు వాసనకు హేతువులైన పొరపాట్లలో అధికభాగము జరుగుచున్నవి.

అన్నింటికంటె ప్రాచీనమైనది, చౌకయైనది, గాట్లు గల మొనకు రబ్బరు హోసును తొడిగి క్లిప్పుతో బిగించు పద్ధతి. దీనిని ఒక్కమాటతో త్రోసిపుచ్చరాదు; తగిన హోసును, తగిన క్లిప్పును వాడినయెడల ఇది ఇంజెక్షను ఒత్తిడినికూడ మోయగలదు, మోసినది కూడ. కాని పట్టీయందు గండ్లు కోసిన సాధారణపు మరక్లిప్పు ఆ గండ్ల అంచులతో రబ్బరును కొరుకును. ఇంజెక్షనుకై ప్రత్యేకముగా చేసిన క్లిప్పునకు అంచులు వెలుపలికి మడువబడి, పట్టీ నునుపుగానుండి, చుట్టును సమముగ నొత్తును. గొట్టపు కొసకు ఉబ్బెత్తు కట్టు లేక నున్నగానున్నచో హోసు జారిపోవును. ఈ రెండు జాగ్రత్తలను పాటించినను, ఎండకును వేడికిని రబ్బరు గట్టిపడుట తప్పదు గనుక, ఇట్టి అతుకులు ఎంత తక్కువగనున్న అంత మేలు.

రెండవది విచ్చిన ముఖము గల అతుకు. గొట్టపు కొసను పువ్వు రేకువలె విప్పి, ఆ విప్పిన భాగమును శంకువు వంటి ముఖముపై నట్టుతో ఒత్తుదురు. ఇందులో రెండు సంప్రదాయములు కలవు. సాధారణ మోటారు కార్ల సంప్రదాయమున విప్పు కోణము 45 డిగ్రీలు; ఉక్కు గొట్టమైనచో అంచు పగులకుండుటకై దానిని రెండు మడతలుగా విప్పుదురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యమును నౌకాదళమును తమ విమానములకై ఉమ్మడిగా వాడుకకు దెచ్చి, తమ పేరి మొదటి అక్షరములతో ఏ.ఎన్. అని వ్యవహరించిన ప్రమాణమున కోణము 37 డిగ్రీలు; దానియందు నట్టునకు తోడుగ గొట్టమును వెనుకనుండి ఆదుకొను ఒక చిన్న కవచము కూడ నుండును. పందెపు కార్లద్వారా ఈ రెండవ సంప్రదాయము పాత కార్లవారి ప్రపంచమున నేడు రాజ్యమేలుచున్నది. ఇందులోని అంకెలు తికమక పెట్టునవి కావు: 6 అనగా గొట్టపు వెలుపలి వ్యాసము 6/16, అనగా 3/8 అంగుళము, 8 అనగా అర అంగుళము.

ఇచ్చట మస్టాంగు యజమానికి ఒక గోతి పొంచియున్నది. 3/8 అంగుళపు కొలతలో రెండు సంప్రదాయముల మరలును వేరు: ఏ.ఎన్. నట్టు 9/16 అంగుళము, 45 డిగ్రీలది 5/8 అంగుళము. కావున పొరపాటున ఒకటి రెండవదానికి ఎక్కదు. కాని 5/16 అంగుళపు కొలతలో, అనగా మస్టాంగుతో పుట్టిన గొట్టపు కొలతలోనే, రెండింటి మరయు అర అంగుళపు వ్యాసమున, అంగుళమునకు ఇరువది చుట్లదే. నట్టు సుతారముగ ఎక్కును, చేతికి గట్టిగ తగులును, బిగిసినట్లే తోచును. లోపల మాత్రము 45 డిగ్రీల రేకు 37 డిగ్రీల శంకువును ఒక సన్నని గీతమీదనే తాకుచుండును. కార్బురేటరు ఒత్తిడికి ఆ గీత నిలుపవచ్చును. ఇంజెక్షను ఒత్తిడికి, ఇంజను వేడెక్కి చల్లారుచున్నకొలది, అది చెమర్చుట మొదలిడును. అపుడు మనుష్యుడు చేయునది పానా తీసికొని మరికొంత బిగించుట. అందుచేత రేకు పగులును. మర సరిపడినంత మాత్రమున ముఖము సరిపడినట్లు కాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

మూడవ జాతి, మరయే నిలుపునట్టిది, వాలుమర గల పైపు ఫిట్టింగు. అమెరికా ప్రమాణమైన ఎన్.పి.టి. మర అడుగు పొడవునకు వ్యాసమున ముప్పాతిక అంగుళము చొప్పున సన్నగిల్లుచు పోవును. లోనికి పోయినకొలది చుట్లు ఒండొంటిలో ఇరుకుకొని నిలుపును. మిగిలిన సూక్ష్మమైన సందులను పూడ్చుటకు పెట్రోలునకు కరగని లేపనము అవసరము. తెల్లని టేపును చుట్టుట మనవారికిని అమెరికా వారికిని సమానముగ నున్న అలవాటు; కాని ఇంధన మార్గమున అది తగదు. దాని పీలిక యొకటి తెగి లోనికి పోయినచో ఇంజెక్టరు యొక్క సూక్ష్మరంధ్రమున నిలిచి ఒక సిలిండరును మూగదానిని చేయగలదు. విచ్చిన ముఖముల అతుకునకు టేపు చుట్టుటయో, అవివేకము. నిలుపునది అచ్చట మర కానేకాదు గదా.

ఈ జాతిలోనే బ్రిటిషు ప్రమాణమైన బి.ఎస్.పి.తో సంకరము మరియొక ఆపద. పావు అంగుళపు కొలతలో ఎన్.పి.టి.కి అంగుళమునకు 18 చుట్లు, బి.ఎస్.పి.కి 19, మర కోణము మొదటిదానికి 60 డిగ్రీలు, రెండవదానికి 55. రెండు మూడు చుట్లు సులువుగ ఎక్కి బిగిసికొనును. ఆ బిగువును చూచి మోసపోవుదురు. అర అంగుళపు కొలతలో చుట్ల సంఖ్య రెండింటికిని 14గనే యుండుటచేత మోసము సంపూర్ణమగును. ఈ మాట మన తెలుగు దేశమున అంబాసిడరును కాపాడుకొనువారికి ప్రత్యేకముగ చెప్పదగినది. ఏలయన అంబాసిడరు ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందినది, పద్మినియో ఇటలీ ఫియట్ వంశమునకు. వానికి అమెరికా సామగ్రిని తెచ్చి తగిలింపబూనినవాడు చుట్లు లెక్కించు గేజి లేకుండ ఏ మరకును పానా తగిలింపరాదు.

నాలుగవది, రబ్బరు ఉంగరము నిలుపునది. ఇందు మర తిన్ననిది. ఫిట్టింగు మెడయందలి ఓ-రింగు రంధ్రపు నోటియందు చెక్కిన వాలులో నొదిగి నిలుపును. లేపనమక్కరలేదు, మితిమీరిన బలమక్కరలేదు, ఎన్నిమారులు విప్పి బిగించినను నష్టము లేదు. నేటి రెగ్యులేటర్లును, పంపులును, ఫిల్టర్లును ఎక్కువగా ఈ నోటితోనే వచ్చుచున్నవి. కొలతకు కొలత దీని మర ఏ.ఎన్. మరతో సమానమే యగుటచేత, ఓ-రింగు నోటిలో శంకువు ఫిట్టింగును తెలియక బిగించువారును కలరు. అచ్చట శంకువును తాకు ముఖమే లోపల లేదు. ఐరోపా కార్లయందు కనబడు బాంజో అతుకు ఐదవది: బోల్టు నడుమ బోలు, ఇరుప్రక్కల రాగి వాషర్లు. ఇరుకైన చోట మలుపు త్రిప్పుటకు ఇది మిక్కిలి అనువైనది. కాని విప్పినపుడెల్ల వాషర్లను మార్చవలెను.

ఆరవది నేటి కార్ల కర్మాగారములు స్వీకరించిన నొక్కుడు అతుకు. నైలాను గొట్టపు కొసనుండు కప్పు లోహపు కొసమీద నొక్కగనే టక్కుమని పట్టుకొనును. లోపలి ఓ-రింగులు నిలుపును, గొళ్లెము జారనీయదు. కోట్ల కార్లు దీనిమీద తిరుగుచుండగా పాత కార్లవారు కొందరు దీనిని ప్లాస్టికని తేలికచేయుదురు. అది న్యాయము కాదు. పాత కారునకు నూతనమైన షెవర్లే ఇంజనును తెచ్చి పెట్టువారికి ఇంజెక్టర్లకు పెట్రోలును పంచు ఇంధనపు పట్టామీదనున్న 3/8 అంగుళపు కొస ఈ జాతిదే. ఆ కొసకు ఏ.ఎన్. గొట్టమును కలుపు మధ్యవర్తి ఫిట్టింగులు రెండు విధములు: సన్నని ప్లాస్టిక్ గొళ్లెముతో పట్టుకొనునవి, మర గల మూతతో బిగించునవి. ఈ రెంటిలో రెండవదానినే కొనవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఫిట్టింగును గూర్చి మాటలాడి హోసును విడుచుట తగదు. అవి రెండును జంటగనే పనిచేయును. అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘపు జె-30 ప్రమాణమున ఆర్-7 అను హోసు 50 పౌండ్ల లోపలి పనికి, ఆర్-9 అనునది 100 పౌండ్ల వరకును ఇంజెక్షనుకై, ఆర్-10 అనునది టాంకీలో పెట్రోలునందు మునిగియుండుటకై నిర్దేశింపబడినవి. ఆర్-9 హోసును టాంకీలో ముంచరాదు. దాని లోపలి పొర పెట్రోలును సహించును గాని వెలుపలి పొర సహింపదు, కొలదికాలమునకే ఉబ్బి ఊడిపోవును. ఉక్కు అల్లిక తొడుగు గల హోసు కంటికి ఇంపు. కాని అల్లిక క్రిందనున్నది సామాన్యపు రబ్బరైనచో పెట్రోలు ఆవిరి దానిగుండ మెల్లమెల్లగ వెలికివచ్చి గరాజునంతటిని వాసనతో నింపును. ఆ బాధ లేనిది టెఫ్లాను గొట్టము. దానిలో పెట్రోలు వడిగ పారునపుడు స్థిరవిద్యుత్తు పుట్టి గొట్టమునకు సూదిబెజ్జములు చేయగలదు గనుక, విద్యుద్వాహకమైన కర్బనము కలిపిన లోపలి పొర గలదానినే ఏరుకొనవలెను. టెఫ్లాను హోసుయొక్క కొస ఫిట్టింగు, రబ్బరు హోసుయొక్క కొస ఫిట్టింగు చూచుటకు అక్కచెల్లెండ్రవలె నుండును. కాని మొదటిదానిలో అల్లికకును గొట్టమునకును నడుమ దూరు చిన్న ఇత్తడి ఉంగరము కలదు. ఒకదానిని మరియొకదానికి బిగించినచో ఒత్తిడి తగిలిన దినమున హోసు ఊడి చేతికి వచ్చును.

ఇంధనముకూడ మారినది. మన దేశమున 2023 ఫిబ్రవరిలో ఇరువది పాళ్లు ఎథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము ఆరంభమైనది. అమెరికాలో పదిపాళ్లది సర్వసామాన్యము. ఎథనాలు పాత రబ్బరును ఉబ్బించును, తేమను పీల్చికొని జింకును, పూత లేని అల్యూమినియమును తినివేయును. కావున ఇంజెక్షను పెట్టినను పెట్టకున్నను, పాత రబ్బరు ముక్కలను పారవేయుట నేడు విధి. గొట్టమునకు రాగి వలదు. అది కుదుపులకు గట్టిపడి పగులును. ఉక్కు, స్టెయిన్లెస్ ఉక్కు, రాగి-నికెలు మిశ్రమము ఈ పనికి తగినవి.

కొలతను గూర్చిన వాదము అవసరమునకు మించి పెరిగినది. 300 గుర్రపుబలముల ఇంజను, గుర్రపుబలమునకు గంటకు అర పౌండు చొప్పున, నిండు వేగమున 150 పౌండ్ల పెట్రోలు త్రాగును. అది గంటకు 90 లీటర్లకు కొంచెము పైమాట. సాధారణముగ అమ్మబడు పంపు గంటకు 255 లీటర్లు తోడును. తక్కినది వెనుకకు పోవలెను. కావున మస్టాంగునకు ముందునకు పోవు గొట్టము 3/8 అంగుళముది క్రొత్తగా వేయుట ఉత్తమము. లోపలి వైశాల్యము పూర్వపుదానికి ఒకటిన్నర రెట్లగును. పాత 5/16 గొట్టము తుప్పు లేక శుభ్రముగ నున్నచో దానిని తిరుగు దారిగ వాడుకొనవచ్చును. పంపునకు ముందు 100 మైక్రాన్ల జల్లెడ, పిదప 10 మైక్రాన్ల ఫిల్టరు నుండవలెను. ఈ క్రమము తారుమారైనచో పంపు పీల్చలేక వేడెక్కి చచ్చును.

ఇక చేతిపని. దీనిని దగ్గరనుండి చూడవలెను. గొట్టమును కోతచక్రముతో నెమ్మదిగ కోసి, లోపలి అంచునందలి గరుకును గీకి, నట్టును, కవచమును ముందుగనే గొట్టమునకు తొడిగి, ఆ పిమ్మటనే కొసను విప్పవలెను. చక్కగ విప్పిన కొసకు నట్టు తొడుగుట మరచి, కోసివేసి మరల మొదలిడని పనివాడు అరుదు. విప్పిన ముఖమునకు నీలిరంగు సిరాను పలుచగ పూసి, శంకువుపై చేతితో బిగించి, విప్పి, దీపము వెలుగున చూడుడు. శంకువుమీద సిరా నిండు ఉంగరమువలె అంటినచో ఆ అతుకు మంచిది. నెలవంకవలె ఒకవైపే అంటినచో గొట్టము వంకరగ కూర్చున్నది. ఎంత బిగించినను అది నిలువదు. నేను మొదట చేసిన ముఖములలో అధికభాగము నెలవంకలే. ఆ సిరా నాకు నేర్పినంతగ ఏ గ్రంథమును నేర్పలేదు. అట్లే రబ్బరు హోసును కొస ఫిట్టింగులోనికి నెట్టినపుడు అంచున టేపు ముక్కతో గుర్తు పెట్టి, లోపలి భాగమును బిగించునపుడు ఆ గుర్తు వెనుకకు జరుగుచున్నదేమో కనిపెట్టవలెను. జరిగినచో హోసు బయటికి తోసికొని వచ్చుచున్నదన్నమాట. కోసిన హోసులోని రబ్బరు పొడిని కడిగి గాలి ఊదకున్నచో అది తిన్నగ ఇంజెక్టరు చేరును. అల్యూమినియము మరలకు ఒక చుక్క నూనె వేయనిచో అవి ఒండొంటిని కొరికి పట్టుకొనును.

ఇన్ని జాతులను పరిశీలించిన మీదట నా నిర్ణయమిది. టాంకీనుండి ఇంజను గోడవరకు లోహపు గొట్టము. కదలు ఇంజనునకును కదలని చట్రమునకును నడుమ మాత్రమే, కర్బనపు పొర గల టెఫ్లాను హోసు. నోళ్లయందు ఓ-రింగు, తక్కినచోట్ల 37 డిగ్రీల ముఖము. వాలుమర, క్లిప్పు తప్పనిచోట మాత్రమే. కారంతటను ఒకే సంప్రదాయమును పాటించుట, అతుకుల సంఖ్యను తగ్గించుట, ఏ ఫిట్టింగు మెరుగునకంటెను ముఖ్యము. కారు గ్రుద్దుకొన్నపుడు పంపును ఆపు స్విచ్చి లేకుండ ఏ యమరికయు సంపూర్ణము కాదు.

పని ముగిసిన దినమున, ఇంజనును నడుపక మునుపు, మంటలనార్పు సిలిండరును చేరువనుంచుకొని, పంపును మాత్రము నడిపి, ప్రతి అతుకు క్రిందను పొడి కాగితపు ముక్కను ఆనించి చూడుడు. ఇంజను వేడెక్కి చల్లారిన పిదప మరల చూడుడు. వారము దినములకు మరియొక మారు చూడుడు. కాగితముమీద చిన్న తడి మచ్చ కనబడినచో దానిని మరికొంత బిగించి సరిపుచ్చక, విప్పి, ముఖమును చూచి, కారణము తెలిసికొనుడు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట ఈ విషయమున ఎవరికిని ప్రాప్తింపకుండుగాక.